పక్కింటి గోడకు అవతల



గత ఆదివారం ఆరాధన ముగిశాక మన పెద్దలలో ఒకరు నన్ను పక్కకు పిలిచి, "అయ్యగారూ, ఆయన శిక్ష అయిపోయి ఇంటికి వచ్చేశాడు. మందిరానికి వస్తానంటున్నాడు. రమ్మందామా, వద్దందామా?" అని అడిగారు. అదే రాత్రి కువైట్‌లో పని చేసుకుంటున్న మన సహోదరి ఒకామె ఫోన్ చేసి, "అయ్యగారూ, ఆయన వస్తే మా అక్క ఇక మందిరంలో అడుగు పెట్టదు. బాగా ఆలోచించండి" అన్నది. ఇద్దరికీ నేను ఒకే జవాబు చెప్పాను: "ప్రార్థన చేద్దాం."

ప్రార్థన చేయవలసిందే. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. కాపరులమైన మేము కొన్నిసార్లు ప్రార్థన కోసం ఆ మాట అంటాం, కొన్నిసార్లు జవాబు తప్పించుకోవడానికి అంటాం. ఆ రోజు నేను అన్నది రెండో రకం. అందుకే ఈ వారం నా అభిప్రాయం ఏమిటో దాచకుండా రాస్తున్నాను. ఇందులో ఎవరి పేరూ రాయను. ఆ సహోదరికి ఇది ముందుగా చదివి వినిపించాను. ఆమె తీసేయమన్న రెండు సంగతులు తీసేశాను, మిగిలింది రాయడానికి ఆమె ఒప్పుకున్నది.

ఆయన మా పక్కింటి మనిషి. మా ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య ఒక మట్టి గోడ ఉండేది. వరసకు ఏమీ కాకపోయినా నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని బాబాయి అనే పిలిచాను. మా నాన్న కొబ్బరి చెట్లు ఎక్కి దింపు తీసే కార్మికుడు. వాన పడితే పని లేదు, పని లేకపోతే ఇంట్లో గంజి. అలాంటి రోజుల్లో పిన్ని గోడ మీద నుంచి గిన్నె అందించేది. నేను సైకిల్ నేర్చుకున్నది కాలువ గట్టు మీద, బాబాయి సైకిల్ మీద, ఆయన వెనక సీటు పట్టుకుని పరుగెత్తుతుంటే. శుక్రవారం చిత్రలహరి చూసింది వాళ్ల ఇంట్లో. ఒక రాత్రి నాకు జ్వరం వచ్చి ఫిట్స్ పడితే, మా నాన్న ఊళ్లో లేడు. బాబాయి నన్ను తువ్వాలుతో తన వీపుకు కట్టుకుని అమలాపురం దాకా సైకిల్ తొక్కాడు. నేను వేదాంత కళాశాలకు వెళ్లేటప్పుడు రెండు చొక్కాలు కుట్టించి, బస్సు చార్జీలు చేతిలో పెట్టాడు.

ఇదంతా జరిగింది. ఇందులో ఒక్క మాట కూడా కల్పించి చెప్పడం లేదు.

ఆయన తాపీ పనికి మస్కట్ వెళ్లి నాలుగేళ్లకు తిరిగి వచ్చాడు. వచ్చాక మనుషుల్ని గల్ఫ్ పంపించడం మొదలుపెట్టాడు. ఉదయం లేచేసరికి వాళ్ల అరుగు మీద ఆడవాళ్లు కూర్చుని ఉండేవారు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో రేషన్ కార్డు, ఫోటోలు. అక్కడ చోటు చాలకపోతే మా అరుగు మీద కూర్చునేవారు. మా అమ్మ వాళ్లకు మంచినీళ్లు ఇచ్చేది. పెంకుటిల్లు డాబా అయింది. మట్టి గోడ పోయి సిమెంటు గోడ వచ్చింది. మన మందిరంలో నాలుగు ఫ్యాన్ల రెక్కల మీద ఆయన కుటుంబం పేరు ఎర్ర రంగుతో ఉన్నది మీకు తెలుసు. ప్రహరీ గోడలో సగం ఆయన కట్టించిందే. పది కుటుంబాలకు బతుకు చూపించాడని ఊరంతా చెప్పుకునేది. నేనూ చెప్పాను, పుల్‌పిట్ మీద నుంచి.

2012లో పోలీసులు వచ్చి ఆయన్ని తీసుకుపోయారు. అప్పుడు బయటపడింది. ఆయనకు మనుషుల్ని పంపే లైసెన్సు లేదు. ఇంటి పనికి, వంట పనికి అని చెప్పి, నెలకు ఇంత జీతమని ఆశ చూపి, వడ్డీకి అప్పు తెచ్చిన డబ్బు తీసుకుని, విజిట్ వీసా మీద విమానం ఎక్కించాడు. అక్కడ దిగగానే పాస్‌పోర్టు లాక్కునే ఆఫీసుకు అప్పగించాడు. ఆ ఆఫీసు ఎలాంటిదో ఆయనకు తెలుసు. అక్కడ జీతం రాని వాళ్లు, దెబ్బలు తిన్నవాళ్లు ఫోన్ చేసి ఏడిస్తే, తిరిగి రావాలంటే మళ్లీ డబ్బు కట్టాలని ఇక్కడ వాళ్ల భర్తల దగ్గర, తల్లుల దగ్గర వసూలు చేశాడు. మన సంఘ సహోదరి ఒకామె 14 నెలలు ఒక ఇంట్లో జీతం లేకుండా పని చేసి, పారిపోయి మన దేశ రాయబార కార్యాలయం వారి ఆశ్రయానికి చేరి, అక్కడి నుంచి ఇంటికి వచ్చింది. ఆమె కుడి చేతి మీద ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ ఈ రోజుకీ ఉంది. మొదట ఫిర్యాదు ఇచ్చింది ఆమే. పక్క ఊరి నుంచి వెళ్లిన ఇంకొకామె పెట్టెలో తిరిగి వచ్చింది. ఆమె ఎలా చనిపోయిందో ఆ తల్లికి ఎవరూ సరిగా చెప్పలేదు.

ఆ ఆడవాళ్లలో కొందరు విమానం ఎక్కే ముందు మా అరుగు మీద కూర్చుని మా అమ్మ ఇచ్చిన నీళ్లు తాగినవాళ్లే.

ఇప్పుడు నా సంగతి. ఆయన్ని తీసుకుపోయిన వారం రోజులకు పిన్ని, వకీలు రాసి ఇచ్చిన కాగితం పట్టుకుని ఏడుస్తూ మా ఇంటికి వచ్చింది. "నీ చేత్తో ఒక్క సంతకం పెట్టు నాయనా. నిన్ను కొడుకులా చూసుకున్నాడు" అన్నది. నేను ఆ మాటలను సంఘం లెటర్ హెడ్ మీద తిరిగి రాశాను. "ఈయనను నా చిన్నతనం నుంచి ఎరుగుదును. సత్ప్రవర్తన గలవారు. పేదలకు సహాయపడే స్వభావం గలవారు. దేవుని పరిచర్యకు తోడ్పడినవారు" అని రాసి, సంతకం పెట్టి, సంఘం ముద్ర వేశాను.

బెయిలు రావడానికి ఆ కాగితం ఎంత పనికొచ్చిందో నాకు తెలియదు. ఊళ్లో మాత్రం బాగా పనికొచ్చింది. "అయ్యగారే సంతకం పెట్టారు, ఈ ఆడవాళ్లు డబ్బు కోసం అబద్ధం చెబుతున్నారు" అన్న మాట పేటంతా తిరిగింది. ఫిర్యాదు ఇచ్చిన వాళ్లలో ముగ్గురు రాజీ అయిపోయారు. మన సహోదరి మందిరానికి రావడం మానేసింది. రెండు నెలల తరువాత నేను పరామర్శకు వెళితే ఆమె గుమ్మంలోనే నిలబడి ఒక్క మాట అడిగింది. "ఆయన్ని చిన్నప్పటి నుంచి ఎరుగుదునని రాశారు. నన్ను ఎరుగరా అయ్యగారూ?"

ఆమెకు బాప్తిస్మం ఇచ్చింది నేనే. ఆమె పెళ్లి చేసింది నేనే. జవాబు చెప్పలేక, ప్రార్థన కూడా చేయలేక తిరిగి వచ్చాను.

2017లో కోర్టు ఆయనకు ఏడేళ్ల శిక్ష వేసింది. ఆ తీర్పు తరువాత నేను ఎన్నో రాత్రులు ఆలోచించాను. నేను రాసిన కాగితంలో అబద్ధం ఎక్కడుంది? వెతికితే దొరకదు. చిన్నతనం నుంచి ఎరుగుదును, నిజం. పేదలకు సహాయపడ్డాడు, ఆ పేదవాడిని నేనే. వాక్యాలన్నీ నిజమే. అవన్నీ కలిసి చెప్పింది మాత్రం అబద్ధం. ఎందుకంటే అక్కడ ఎవరూ బాబాయి నాకు సైకిల్ నేర్పాడా లేదా అని అడగడం లేదు. ఆ ఆడవాళ్లకు ఏం చేశాడని అడుగుతున్నారు. దాని గురించి నాకు ఏమీ తెలియదు. తెలియని దాని మీద, తెలిసిన దాన్ని సాక్ష్యంగా పెట్టాను.

నేనొక్కడినే ఇలా మోసపోయానా అని అనుకునేవాడిని. కాదు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో విచిటా అనే నగరం ఉంది. అక్కడ 1974 నుంచి 1991 వరకు పదిమందిని ఒక హంతకుడు చంపాడు. పోలీసులకు, పత్రికలకు తనే ఉత్తరాలు రాసేవాడు. ముప్పై ఏళ్లు దొరకలేదు. చివరికి 2005లో అతను పంపిన ఒక కంప్యూటర్ ఫ్లాపీని పోలీసులు పరీక్షిస్తే, అందులో ఒక లూథరన్ సంఘం పేరు, డెన్నిస్ అనే పేరు కనిపించాయి. 2005 ఫిబ్రవరి 25న డెన్నిస్ రేడర్‌ను పట్టుకున్నారు. అతను ఆ సంఘానికి కౌన్సిల్ అధ్యక్షుడు. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్నవాడు. కొడుకు స్కౌటింగ్‌లో ఉంటే తనూ ఆ పనిలో తోడ్పడినవాడు. చనిపోయిన పదిమందిలో ఒకామె అతని వీధిలోనే ఉన్న పొరుగామె. అతనికి కోర్టు పది యావజ్జీవ శిక్షలు వేసింది.

ఆ సంఘం వాళ్లు తెలివి తక్కువవాళ్లా? వాక్యం తెలియనివాళ్లా? కాదు. వాళ్లు తమకు కనిపించిన మనిషిని ఎన్నుకున్నారు. ఆ వీధిలో పెరిగిన పిల్లలకు అతను కూడా ఒక పక్కింటి అంకులే.

ఇంకా దగ్గర ఉదాహరణ బైబిలులోనే ఉంది. యోహాను సువార్త 13వ అధ్యాయం చదవండి. మీలో ఒకడు నన్ను అప్పగిస్తాడని ప్రభువు చెప్పినప్పుడు శిష్యులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కరి వేలు కూడా యూదా వైపు తిరగలేదు. అతను లేచి బయటికి వెళ్లినప్పుడు కూడా, పండుగకు కావలసినవి కొనడానికో, బీదలకు ఏదైనా ఇవ్వడానికో వెళుతున్నాడని అనుకున్నారు. మూడేళ్లు ఒకే చోట తిని, ఒకే దారిలో నడిచినవాళ్లు! సంచిలో డబ్బు తీసేవాడన్న సంగతి యోహాను 12వ అధ్యాయంలో రాశాడు గానీ, అది తరువాత తెలిసి రాసినది. ఆ రాత్రి మాత్రం యూదా వాళ్ల కళ్లకు బీదలను తలుచుకునే మనిషే.

కాబట్టి "మీకు తెలియకుండా ఎలా ఉంటుంది?" అని పక్కింటి వాళ్లను నిందించేవాళ్లకు నేను చెప్పేది ఇదే. తెలియకపోవడం పాపం కాదు. 1 తిమోతి 5:24లో పౌలు చెప్పిన సంగతి ఏమిటంటే, కొందరి పాపాలు వాళ్లకంటే ముందే తీర్పు దగ్గరికి చేరుకుంటాయి, కొందరివి వాళ్ల వెనకాల వస్తాయి. వెనకాల వచ్చేది మనకు ముందు కనబడదు. కానీ అదే అధ్యాయం 22వ వచనం చూడండి. తొందరపడి ఎవరి మీదా చేతులు ఉంచవద్దని, ఇతరుల పాపాల్లో పాలు పొందవద్దని ఆయన తిమోతిని హెచ్చరించాడు. నేను ఈ రెండు వచనాలూ కళాశాలలో కంఠస్థం చేసి, పరీక్షలో రాసి, డిప్లొమా తెచ్చుకున్నాను. సంతకం పెట్టే రోజు ఒక్కటీ గుర్తు రాలేదు.

మనకు తెలియకపోవడాన్ని దేవుడు మన లెక్కలో వేయడు. తెలిసిన తరువాత మనం ఎవరి పక్కన నిలబడ్డామో, అది లెక్కలోకి వస్తుంది. లేవీయకాండము 5:1 చూడండి. చూసిన సంగతి, తెలిసిన సంగతి సాక్షిగా చెప్పవలసిన చోట చెప్పకపోవడాన్ని ధర్మశాస్త్రం దోషంగానే లెక్కించింది. మా అరుగు మీద ఎవరెవరు కూర్చున్నారో, ఏయే కాగితాలు తెచ్చారో మా ఇంట్లో అందరికీ తెలుసు. పోలీసులు అడిగితే ఆ మాట చెప్పడానికి మా వీధిలో ఒక్కరూ ముందుకు రాలేదు. ఆయన మంచితనం గురించి చెప్పడానికి మాత్రం అందరం వెళ్లాం.

ఒకరి కోసం ఉత్తరం రాయడమే తప్పా? కాదు. పౌలు కూడా రాశాడు. ఫిలేమోను పత్రిక అలాంటి ఉత్తరమే. ఒనేసిము కోసం రాశాడు. కానీ నా ఉత్తరానికీ ఆయన ఉత్తరానికీ ఎంత తేడా ఉందో చూడండి. పౌలు ఆ ఉత్తరం అధికారికి రాయలేదు, నష్టపోయిన మనిషికి రాశాడు. ఒనేసిము ఏ తప్పూ చేయలేదని రాయలేదు. నీకు అతను ఏదైనా అన్యాయం చేసి ఉంటే, ఏదైనా బాకీ ఉంటే అని ఆ మాట ఎత్తాడు. చివరికి, ఆ బాకీ నా లెక్కలో వేయి, నేను తీరుస్తాను అని తన చేతితో రాసి ఇచ్చాడు. నేను నష్టపోయిన ఆమెకు రాయలేదు. తప్పు మాట ఎత్తలేదు. నా జేబులో నుంచి ఒక్క రూపాయి పెట్టలేదు. నా బాకీ తీర్చుకోవడానికి ఆమె బాధను ఖర్చు పెట్టాను. బాబాయి నాకు చేసిన మేలుకు రుణం నేను తీర్చాలి, ఆమె కాదు.

ఇప్పుడు మీరు అడిగిన ప్రశ్నకు వస్తాను. ఆయన్ని మందిరానికి రానివ్వాలా?

దేవుని కృపకు ఆయన దూరం కాదు. అది నేను గట్టిగా నమ్ముతాను. రేడర్ విషయంలో కూడా ఆ సంఘకాపరి జైలుకు వెళ్లి అతన్ని కలిశాడు. ఆ కాపరిని నేను తప్పుపట్టను. సువార్త ఎవరికి వద్దంటాం? కానీ సువార్త ఆయన దగ్గరికి వెళ్లడం వేరు, ఆయన వచ్చి ఆ సహోదరి ముందు వరుసలో కూర్చోవడం వేరు. మొదటిది దేవుని ఆజ్ఞ. రెండోది మన సౌకర్యం.

నేను ముందుగా ఆమెనే అడిగాను. ఇంతవరకు ఆమెను ఎవరూ అడగలేదట. ఆమె కాసేపు ఆలోచించి, "ఆయన వాక్యం వినకూడదని నేను అనను అయ్యగారూ. ఆయన గొంతు వినబడే చోట నేను పాట పాడలేను, అంతే" అన్నది. ఇది పగ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అందుకే నా అభిప్రాయం ఇది.

ఆ సహోదరి గానీ, ఆ ఆడవాళ్లలో మన మందిరానికి వచ్చే మరెవరైనా గానీ సరేనని తమంతట తాము చెప్పేవరకు ఆయన ఆదివారం ఆరాధనకు రాకూడదు. దానికి గడువు లేదు. ఒక పెద్దను వెంటబెట్టుకుని నేనే ప్రతి గురువారం ఆయన ఇంటికి వెళతాను. వాక్యం చదువుతాను, ప్రార్థన చేస్తాను. "క్షమించాలమ్మా, క్షమించకపోతే దేవుడు నిన్ను క్షమించడు" అని ఆమె ఇంటికి వెళ్లి చెప్పే పని ఎవరూ పెట్టుకోవద్దు. కాపరిగా నేను ఇది వేడుకోవడం లేదు, ఆజ్ఞాపిస్తున్నాను. ఆ వాక్యం ఆమెకు తెలుసు. దాన్ని ఆమెతో మాట్లాడవలసింది పరిశుద్ధాత్మ దేవుడు, మనం కాదు.

ప్రభువు బల్ల విషయం ఇంకా తరువాతి మాట. లూకా 19లో జక్కయ్య యేసును ఇంట్లోకి చేర్చుకున్న తరువాత నోటితో పాపినని చెప్పి ఊరుకోలేదు. అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు తిరిగి ఇస్తానని లెక్క చెప్పాడు. ఆ లెక్క విన్న తరువాతే ఈ ఇంటికి రక్షణ వచ్చిందని ప్రభువు చెప్పాడు. బాబాయికి డాబా ఉంది, కొబ్బరి తోట ఉంది. ఇంతవరకు ఒక్క కుటుంబానికీ ఒక్క రూపాయి తిరిగి ఇవ్వలేదు. మొన్న గురువారం ఆయనతో ఈ మాట చెప్పాను. "శిక్ష అనుభవించాను కదరా, ఇంకేం కావాలి?" అన్నాడు. శిక్ష ప్రభుత్వానికి చెల్లిన బాకీ బాబాయీ, వాళ్ల బాకీ అలాగే ఉంది అన్నాను. ఆయన ముఖం తిప్పుకున్నాడు. వచ్చే గురువారం మళ్లీ వెళతాను.

ఇక మనం. ఫ్యాన్ల మీద పేరు తుడిపించేద్దామని యువకులు అంటున్నారు. మత్తయి 27 చదవండి. యూదా విసిరేసిన వెండి నాణేలను కానుకల పెట్టెలో వేయకూడదని ప్రధాన యాజకులు ఎంతో జాగ్రత్త పడ్డారు. ఆ డబ్బు ఇచ్చి పట్టించుకున్న నిరపరాధి గురించి మాత్రం వాళ్లకు దిగులు లేదు. పేరు తుడిచేసి, ఆ గాలి కిందనే కూర్చుంటే మనమూ అంతే. ఆ నాలుగు ఫ్యాన్లకు, ఆ సగం గోడకు ఈ రోజు ధర ఎంతవుతుందో లెక్క కట్టి, ఆ మొత్తం ఆ కుటుంబాల పిల్లల చదువుకు సంఘం నుంచి ఇవ్వాలని వచ్చే కమిటీలో అడగబోతున్నాను. మొదటి నెల నా జీతంలో సగం ఇస్తున్నాను. పేరు తుడవడం ఆ తరువాత చూద్దాం.

ఆయన కూతురు గురించి కూడా ఒక మాట. ఆ అమ్మాయి మన మందిరానికి వస్తున్నది. ఆమె వచ్చినప్పుడు గుసగుసలు వినిపిస్తున్నాయి. రేడర్ కూతురు కూడా తన తండ్రి ఎవరో ఇంటికి వచ్చిన ఎఫ్‌బీఐ అధికారి నోటి నుంచే విన్నది. 2019లో ఆ బాధంతా ఒక పుస్తకంగా రాసింది. తండ్రి దోషం కుమారుడు మోయడని యెహెజ్కేలు 18వ అధ్యాయం స్పష్టంగా చెబుతున్నది. గోడకు అవతల ఉన్న నాకే తెలియలేదు, గోడకు ఇవతల పుట్టిన ఆ పిల్లకు ఎలా తెలుస్తుంది? ఆమె పక్కన కూర్చోండి.

చివరిగా మన సంఘంలోని తల్లులకు, అక్కచెల్లెళ్లకు. మన కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లడం ఆగదు, ఆగమని నేను చెప్పలేను. కానీ ఏజెంటు మంచివాడా అని నన్ను అడగవద్దు. నాకు తెలియదని ఇప్పుడు నాకు తెలుసు. ఏజెంటుకు లైసెన్సు ఉందా అని చూడండి. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషుల్ని పంపేవాడికి కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఉంటాయి. ఏజెంటు తీసుకోదగిన రుసుముకు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని హద్దు ఉంది. పదో తరగతి పాస్ కాని వాళ్ల పాస్‌పోర్టు మీద ఇంటి పనికి గల్ఫ్ వెళ్లాలంటే ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, ఆడవాళ్లకైతే 30 ఏళ్లు నిండాలి. అందుకే దొంగ ఏజెంట్లు విజిట్ వీసా ఇస్తారు. చుట్టం చూపుకు వెళుతున్నానని చెప్పమంటారు. అలా చెప్పమన్న క్షణమే లేచి ఇంటికి వచ్చేయండి, అతను మీ సొంత బాబాయి అయినా సరే. మీ కాగితాలు చూడడానికి మందిరంలో ప్రతి శనివారం సాయంత్రం మన యువకులు ఇద్దరు కంప్యూటర్ పెట్టుకుని కూర్చుంటారు.

నేను ఇంకొక ఉత్తరం రాశాను. ఈసారి ఆ సహోదరికి. సంఘం లెటర్ హెడ్ మీద, ముద్ర వేసి, నేను 2012లో ఏం రాశానో, అది ఆమెకు ఏం చేసిందో రాసి, క్షమించమని అడిగాను. ఆదివారం అందరి ముందు చదవమంటావా అంటే వద్దన్నది. మడిచి తన బైబిలులో పెట్టుకున్నది. క్షమించానని ఆమె చెప్పలేదు. నేను అడగలేదు.

ఆ జ్వరం రాత్రి బాబాయి వీపు చెమటతో తడిసిపోవడం నాకు ఇప్పటికీ గుర్తుంది. దాన్ని మరిచిపొమ్మని దేవుడు నన్ను అడగడం లేదు. ఆయన కోసం ప్రార్థన చేసినప్పుడల్లా కృతజ్ఞతతోనే మొదలుపెడతాను. కానీ ఆ కృతజ్ఞతను ఆ సహోదరి చేతి మీది మచ్చ పక్కన పెట్టి తూకం వేయను. ఒకటి నాకు జరిగిన మేలు, ఇంకొకటి ఆమెకు జరిగిన కీడు. రెండూ ఒకే మనిషి చేశాడు. మనుష్యులు పైకి కనిపించేది చూస్తారని, దేవుడు హృదయాన్ని చూస్తాడని 1 సమూయేలు 16:7లో ఉంది. ఆయన హృదయం చూసే పని దేవునికి వదిలేస్తాను. ఆమె చెయ్యి చూసే పని మాత్రం నాది.

ఈ గురువారం కోసం, ఆయన హృదయం మెత్తబడడం కోసం, ఆ కుటుంబాల కోసం, పెట్టెలో వచ్చిన ఆ బిడ్డ తల్లి కోసం ప్రార్థన చేయండి. ఈసారి నిజంగా ప్రార్థన కోసమే అడుగుతున్నాను.

ప్రభువు కృప మీకు తోడై ఉండును గాక. ఆమేన్.